డయామాక్స్ వేసుకుంటే లేహ్‌లో బాగా పరిగెత్తగలమా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీది హనుమకొండ, వయసు 34. రోజూ భద్రకాళి బండ్ మీద పరిగెత్తుతారు, హాఫ్ మారథాన్ 1 గంట 52 నిమిషాల్లో పూర్తి చేస్తారు. సెప్టెంబర్‌లో లేహ్‌లో 21 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చారు. రన్నింగ్ గ్రూపులో ఒకరేమో డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) వేసుకుంటే ఇక్కడి టైమింగే అక్కడా వస్తుందన్నారు, ఇంకొకరు డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) అన్నారు, మరొకరు వయాగ్రా అన్నారు. వీటిలో ఏది పనిచేస్తుంది, ఎప్పుడు వేసుకోవాలి? బీపీ, షుగర్ ఉన్న మీ నాన్నగారు కూడా వస్తానంటున్నారు, ఆయన సంగతేమిటి?

సూటిగా చెప్పాలంటే, డయామాక్స్ మిమ్మల్ని ఎత్తుకు తొందరగా అలవాటు చేస్తుంది, వేగంగా పరిగెత్తించదు. ఆ మాత్ర ప్రభావం ఒంట్లో ఉండగా గట్టిగా పరిగెత్తితే టైమింగ్ ఇంకా దెబ్బతినే అవకాశమే ఎక్కువ. లేహ్‌లో దిగిన మొదటి రెండు మూడు రోజులకు వాడి ఆపేయండి, రేసు నాటికి అది ఒంట్లో ఉండకూడదు. డెక్సా, వయాగ్రా రెండూ మీకు వద్దు. టైమింగ్ కోసం మీరు కొనగలిగింది ఒక్కటే, లేహ్‌లో ఇంకొన్ని రోజుల బస.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. కొన్నేళ్లు ఆర్మీ మెడికల్ కోర్‌లో చేశాను, అందులో కొంతకాలం లద్దాఖ్‌లో. ఇప్పుడు హనుమకొండలోనే ప్రాక్టీస్. ఏటా వేసవిలో కేదార్‌నాథ్, అమర్‌నాథ్ వెళ్లేవాళ్లు, సెప్టెంబర్ ముందు మీలాంటి రన్నర్లు, బైక్ కుర్రాళ్లు ఇదే మందు చీటీ కోసం వస్తుంటారు.

ముందు ఎత్తు సంగతి. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది, లేహ్ 3,500 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ వాటా రెండు చోట్లా 21 శాతమే, కానీ లేహ్‌లో గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే ఉంటుంది. లేహ్ పైనున్న ఖర్దూంగ్ లా కనుమ మీద దాదాపు సగం. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలోపే ఆ గాలిలో దిగుతారు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ తీసుకెళ్లి మొదటి రోజే వేలికి పెట్టుకుంటారు చాలామంది. అందులో 86, 88 కనబడగానే టెన్షన్. మొదటి రోజు అక్కడ ఆ అంకెలు మామూలే. అంకె కన్నా మనిషిని చూడాలి. తలనొప్పి ఉందా, వాంతి వస్తోందా, అన్నం సహిస్తోందా, తిన్నగా నడుస్తున్నాడా, ఇవీ చూడాల్సినవి.

ఇప్పుడు డయామాక్స్. దీని అసలు పేరు అసిటాజోలమైడ్. మూత్రం ఎక్కువ వచ్చేలా చేస్తుంది కాబట్టి ‘ఒంట్లో నీరు తీసేసి కాపాడుతుంది’ అని చాలామంది అనుకుంటారు. అదే నిజమైతే మూత్రం బాగా తెప్పించే లాసిక్స్ మాత్ర కూడా పనిచేయాలి. 1962 యుద్ధం తర్వాత మన సైనికులను ఉన్నపళంగా ఎత్తు ప్రాంతాలకు తరలించినప్పుడు ఇందర్ సింగ్ బృందంలోని ఆర్మీ డాక్టర్లు 1,925 మంది జవాన్లలో ఎత్తు జబ్బును (ఆక్సిజన్ తగ్గి వచ్చే తలనొప్పి, వాంతులు) గమనించి 1969లో ప్రచురించారు. ఎత్తు జబ్బు మీద ప్రపంచమంతా చదివిన పరిశోధన అది. ఆ రోజుల్లో లాసిక్స్ కూడా వాడి చూశారు. ఇప్పుడు ఎత్తు జబ్బుకు దాన్ని ఎవరూ సిఫారసు చేయరు, ఒంట్లో నీరు తగ్గి మనిషి ఇంకా నీరసపడతాడు. అంటే డయామాక్స్ పనితనం మూత్రంలో లేదు.

ఆక్సిజన్ తగ్గగానే మీరు తెలియకుండానే ఎక్కువగా ఊపిరి తీస్తారు. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ బయటికి పోయి రక్తంలో ఆమ్లగుణం తగ్గుతుంది. అది గమనించిన మెదడు శ్వాసకు బ్రేకు వేస్తుంది. పగలు ఎలాగో నడిచిపోతుంది గానీ, రాత్రి నిద్రలో ఈ బ్రేకు బాగా తెలుస్తుంది. శ్వాస కాసేపు ఆగుతుంది, తర్వాత ఒక్కసారిగా ఎగబీల్చి లేస్తారు. కిడ్నీలు నాలుగైదు రోజులు బైకార్బొనేట్‌ను మూత్రంలోకి పంపించి ఆ బ్రేకును మెల్లగా వదిలిస్తాయి. డయామాక్స్ ఆ పనిని ఒక రోజులో మొదలుపెట్టిస్తుంది. అందుకే నిద్ర బాగా పడుతుంది, తలనొప్పి తగ్గుతుంది.

రన్నర్‌కు చిక్కు వచ్చేదీ అక్కడే. గట్టిగా పరిగెత్తినప్పుడు కండరాల్లో పుట్టే ఆమ్లాన్ని చల్లార్చేది రక్తంలోని బైకార్బొనేటే. దాన్ని మాత్ర వేసుకుని మీరే బయటికి పంపేశారు. పైగా అదే వేగానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ ఊపిరి తీయాలి, శ్వాస కండరాలు ముందే అలసిపోతాయి. మైదాన ప్రాంతంలో ఈ మందు వేసి పరిగెత్తిస్తే ఓర్పు తగ్గుతుందని తేలింది. ఎత్తులో చేసిన పరిశోధనలు ఒకే మాట చెప్పవు. బాగా ఎత్తులో రోజుల తరబడి ఉన్నవాళ్లకు కొంత మేలు కనబడింది, కొన్నిచోట్ల నష్టమే కనబడింది. నా అనుభవంలో మెల్లగా రోజంతా నడిచే ట్రెక్కర్‌కు ఇది మేలు చేస్తుంది, ఎందుకంటే రాత్రి నిద్రపోయి పొద్దున తిని నడవగలుగుతాడు. గడియారంతో పోటీపడే రన్నర్‌కు రేసు రోజున మేలు చేయగా నేను చూడలేదు.

మోతాదు. పెద్దవాళ్లకు ముందు జాగ్రత్తగా 125 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. మన మెడికల్ షాపుల్లో దొరికేది 250 మాత్ర కాబట్టి అందులో సగం. ఎక్కే ముందు రోజు, అంటే మీకైతే ఢిల్లీలో ఉండగా మొదలుపెట్టాలి. లేహ్‌లో రెండు లేదా మూడో రోజు దాకా వాడి ఆపేయొచ్చు. సాయంత్రం మాత్రను రాత్రి పడుకునే ముందు కాకుండా కాస్త ముందే వేసుకుంటే, చలిలో అర్ధరాత్రి పదేపదే లేవాల్సిన తిప్పలు తగ్గుతాయి. వేళ్లలో, పెదాల దగ్గర తిమ్మిర్లు వస్తాయి, సోడా, కూల్ డ్రింక్ చప్పగా అనిపిస్తాయి. వాటికి భయపడొద్దు. కానీ ఇంట్లో ఉండగానే ఒకరోజు వేసి చూసుకోండి, తిమ్మిరి ఎలా ఉంటుందో తెలిస్తే అక్కడ పక్షవాతం వచ్చిందేమోనని హడలిపోరు. డాక్టర్ చీటీ మీదే కొనండి, గ్రూపులో పెద్దమనుషుల మాట మీద కాదు.

ఎవరికి కుదరదంటే, సెప్ట్రాన్ లాంటి సల్ఫా మందుకు ఒళ్లంతా పొక్కులు రావడం, ఊపిరాడకపోవడం లాంటివి జరిగినవాళ్లకు వద్దు. గర్భిణులకు వద్దు. కిడ్నీలో రాళ్లు వచ్చి పోయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు, మన ఎండలకు ఆ జాబితా చిన్నదేమీ కాదు. బీపీ మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉన్నవాళ్లకు పొటాషియం పడిపోవచ్చు.

ఇక్కడ మన ఉత్తర తెలంగాణ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి, ఇది ట్రెక్కింగ్ కంపెనీల కాగితాల్లో పెద్దగా కనబడదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం, ప్రధాన్ కుటుంబాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) లక్షణం ఎక్కువ. జబ్బు పూర్తిగా ఉన్నవాళ్ల సంగతి ఎలాగూ తెలుస్తుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చినవాళ్లు మాత్రం ఏ బాధా లేకుండా పెరుగుతారు, పరుగుల్లో మెడల్స్ కూడా తెస్తారు. వాళ్లు ఎత్తుకు వెళ్లి ఒళ్లు అలిసేలా పనిచేసినప్పుడు ప్లీహానికి (స్ప్లీన్) రక్తం అందక దెబ్బతినే ప్రమాదం ఉంది. నేను లద్దాఖ్‌లో ఉన్నప్పుడు మన వైపు నుంచే వచ్చిన ఒక జవాన్‌కు ఎడమ పక్కటెముకల కింద విపరీతమైన నొప్పి మొదలైంది. అందరూ గ్యాస్ అనుకున్నారు. స్కాన్‌లో ప్లీహం దెబ్బతిన్నట్టు కనబడింది, రక్త పరీక్షలో సికిల్ లక్షణం బయటపడింది. కిందికి దించాక కోలుకున్నాడు. దీన్ని డయామాక్స్ ఆపలేదు. 2023లో దేశవ్యాప్తంగా సికిల్ సెల్ స్క్రీనింగ్ మొదలైంది. మీ గ్రూపులో ఆ ప్రాంతం వాళ్లు ఉంటే, లేదా కుటుంబంలో ఎవరికైనా ఉందని తెలిస్తే, టికెట్ బుక్ చేసే ముందు ఆ ఒక్క పరీక్ష చేయించుకోమనండి.

డెక్సా గురించి. మన దగ్గర ఊళ్లలో జ్వరమొచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా ఈ ఇంజెక్షన్ ఒకటి పడుతుంది, మనిషి గంటలో లేచి కూర్చుంటాడు. అందుకే దీనిమీద జనానికి అంత నమ్మకం. ఎత్తులో కూడా అంతే. తలనొప్పి పోతుంది, ఆకలేస్తుంది, ఉత్సాహం వస్తుంది. కానీ ఒళ్లు ఎత్తుకు అలవాటు పడదు. ఒక బ్యాంకు ఉద్యోగి ఎవరో చెప్పగా రెండు రోజులు వేసుకుని, ‘నాకేం కాలేదు’ అని మూడో రోజు ఆపేశాడు. ఆ రాత్రే తలనొప్పి, వాంతులు మొదలై మంచం పట్టాడు. దాచిపెట్టిన జబ్బు తిరగబడిందన్న మాట. షుగర్ పెరగడం, నిద్ర పట్టకపోవడం అదనం. మెదడు వాపు వచ్చినవాడికి మాత్రం ఇది ప్రాణం నిలబెట్టే మందు. మొదట 8 మి.గ్రా. ఇచ్చి, తర్వాత ఆరు గంటలకోసారి 4 మి.గ్రా. ఇస్తూ కిందికి దించాలి. అంటే అది గ్రూప్ లీడర్ మందుల పెట్టెలో ఉండాల్సినది, మీ జేబులో కాదు.

వయాగ్రా, అంటే సిల్డెనాఫిల్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గిస్తుంది. ఎత్తును ల్యాబ్‌లో సృష్టించి సైకిల్ తొక్కించినప్పుడు కొంతమందికి బాగా ఉపయోగపడింది, కొంతమందికి ఏమీ కాలేదు. మీరు ఏ రకమో ముందు తెలియదు. మామూలు ఎత్తు జబ్బును ఇది ఆపదు, పైగా తలనొప్పి తెప్పిస్తుంది, అప్పుడు ఆ తలనొప్పి మందుదో ఎత్తుదో తేల్చుకోలేరు. గుండెకు సార్బిట్రేట్ వాడేవాళ్లు దీన్ని కలిపితే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. గతంలో ఎత్తులో ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు మళ్లీ రాకుండా నిఫెడిపిన్ ఇస్తారు. మీకు ఆ చరిత్ర లేదు కాబట్టి వదిలేద్దాం.

కర్పూరం వాసన చూడడం, వెల్లుల్లి నమలడం గురించి కూడా అడుగుతారు. నష్టం లేదు, నమ్ముకుని మాత్రం ఉండొద్దు. ఆల్ప్రజోలం లాంటి నిద్ర మాత్రలు, మందు పార్టీలు మొదటి రోజుల్లో అస్సలు వద్దు, ఊపిరిని మందగింపజేస్తాయి. తలనొప్పికి పారాసెటమాల్ చాలు. రేసు రోజు పొద్దున్నే ఐబుప్రోఫెన్ వేసుకునే అలవాటుంటే మానుకోండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు మంచిది కాదు. ‘రోజుకు ఆరు లీటర్లు తాగాలి’ అన్న సలహా కూడా తప్పే. దాహానికి తగినంత తాగండి, అతిగా తాగితే సోడియం పడిపోయి అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటుంది.

మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. డయామాక్స్ ‘వాడా’ (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితాలో ఉంది, మూత్రం ఎక్కువ చేసే మందుల కింద, పోటీ ఉన్నా లేకున్నా అన్ని రోజులూ. నోటి ద్వారా వేసుకునే డెక్సా పోటీ సమయంలో నిషేధం. సరదాకు పరిగెత్తే మీలాంటివాళ్ల ఇంటికి ఎవరూ రారు. కానీ మీ గ్రూపులో యూనివర్సిటీకి, పోలీసుకు, రైల్వేకు ఆడే కుర్రాళ్లు ఉంటే, ముందస్తు వైద్య మినహాయింపు తీసుకోకుండా సగం మాత్ర వేసుకున్నా కెరీర్ పోవచ్చు. వాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి.

సరే, టైమింగ్ ఎంత తగ్గుతుంది? 1,500 మీటర్లు దాటాక ప్రతి 100 మీటర్లకు వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్) సుమారు 1 శాతం పడిపోతుందని లెక్క. లేహ్‌లో అది 20 శాతం దాకా. మెక్సికో సిటీ ఎత్తు 2,240 మీటర్లే, అయినా 1968 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పరుగు గెలిచిన సమయం 29 నిమిషాల 27 సెకన్లు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39 సెకన్లు. ఆ రికార్డు సొంతదారు, ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటగానే కుప్పకూలాడు. బంగారు పతకం కెన్యాకు, వెండి ఇథియోపియాకు వెళ్లాయి, ఇద్దరూ ఎత్తు ప్రాంతాల మనుషులే. అంతటివాళ్లకే అంత తేడా వచ్చింది. మీరిప్పుడు కిలోమీటర్‌కు 5 నిమిషాల 18 సెకన్లలో వెళ్తున్నారు. లేహ్‌లో 6:45 దగ్గర మొదలుపెట్టండి, సగం దాటాక ఊపిరి అందుతుంటే పెంచండి. మొదటి ఐదు కిలోమీటర్లలో ఇక్కడి వేగంతో వెళ్తే మిగతాది నడకే.

రోజుల సంగతికి వస్తే నేను ఆర్మీ పద్ధతినే నమ్ముతాను. 9,000 నుంచి 12,000 అడుగుల (సుమారు 2,700 నుంచి 3,650 మీటర్ల) మధ్య మొదటి దశ ఆరు రోజులు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, మూడు నాలుగు రోజుల్లో చదునులో మెల్లగా మూడు కిలోమీటర్లలోపు నడక, ఐదు ఆరు రోజుల్లో ఐదు కిలోమీటర్ల దాకా నడక, 300 మీటర్ల వరకు ఎక్కడం. ఉక్కులాంటి ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫిట్‌గా ఉన్నవాడికి ఎత్తు జబ్బు రాదనుకోవడం పొరపాటు, అసలు ఫిట్‌గా ఉన్నవాడే మొదటి రోజు శాంతి స్తూపం మెట్లు ఎక్కి మంచం పడతాడు. మీరు రేసుకు ఎనిమిది, పది రోజుల ముందు చేరండి. ఏడో రోజు నుంచి తేలిక జాగింగ్ చేయొచ్చు. ఎర్ర రక్తకణాలు నిజంగా పెరగాలంటే రెండు మూడు వారాలు కావాలి, అంత సెలవు ఎవరికి దొరుకుతుంది? కానీ పది రోజుల్లో శ్వాస, నిద్ర దారికొస్తాయి, కొంత నష్టం అక్కడే పూడుతుంది. సెలవు నాలుగు రోజులే అయితే టైమింగ్ మరిచిపోయి మోనాస్టరీలు చూస్తున్నట్టు పరిగెత్తండి, అప్పుడు డయామాక్స్ రేసు దాకా కొనసాగించినా తప్పులేదు.

పాండవుల గుట్టలెక్కి ప్రాక్టీస్ చేస్తే కాళ్లకు మంచిదే, ఆక్సిజన్ లెక్కలో మాత్రం ఏమీ కలిసిరాదు. మూతికి కట్టుకునే ట్రైనింగ్ మాస్కులకు పైసలు దండగ. మైదానంలో పుట్టినవాళ్లు ఎత్తుకు పనికిరారని కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ తీసుకుని, ఆ తర్వాత కొండ దగ్గర వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ గడిపాక ఎక్కింది. వెళ్లేముందు మీరు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూపించుకోండి. ఐరన్ తక్కువగా ఉంటే ఎత్తుకు వెళ్లి కూడా రక్తం పెరగదు, సరిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి ఇప్పుడే.

మాత్ర వేసుకున్నా జబ్బు రావచ్చు. ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కరీంనగర్ నుంచి మనాలి మీదుగా బైకుల మీద వెళ్లిన కుర్రాళ్లు అందరూ డయామాక్స్ వేసుకున్నాం కదా అని, జిస్పాలో ఆగకుండా నేరుగా సర్చు వెళ్లి పడుకున్నారు. అది దాదాపు 4,300 మీటర్లు. అర్ధరాత్రికి ఒకడు తాగినవాడిలా తూలుతున్నాడు, మాట తడబడుతోంది. సర్చుతో ఉన్న చిక్కేమిటంటే అటూ ఇటూ కనుమలే, కిందికి దిగాలన్నా ముందు పైకి ఎక్కాలి. ఆక్సిజన్, డెక్సా దొరికి బయటపడ్డాడు. తర్వాత నా దగ్గరికొచ్చినప్పుడు ‘డయామాక్స్ కంపెనీ మోసం సార్’ అన్నాడు. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు, ఆ లెక్కను ఏ మాత్రా మార్చదు. కూర్చున్నా ఆయాసం, దగ్గులో నురగ, గీత మీద అడుగు ముందు అడుగు వేసి నడవలేకపోవడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకుండా దించేయాలి.

ఇక నాన్నగారు. బీపీ అదుపులో ఉంటే వెళ్లొచ్చు, మాత్రలు ఆపకూడదు, మొదటి రోజుల్లో బీపీ కాస్త పెరగడం మామూలే. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డయామాక్స్ ఇచ్చే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడాలి, రెండూ కలిస్తే ఆమ్లగుణం పెరిగే ప్రమాదం కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఎక్కువ. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటే ముందు కార్డియాలజిస్ట్ దగ్గరికి. రేసు అయ్యాక అందరూ పాంగాంగ్‌లో రాత్రి బస పెట్టుకుంటారు, అది 4,200 మీటర్ల పైనే, ఆయనకు వద్దు. నుబ్రా వైపు హుందర్ లేహ్ కన్నా కిందే ఉంది. ఖర్దూంగ్ లా మీద ఫొటోకు పది నిమిషాలు ఆగి దిగిపోండి, ఆ రాత్రి నుబ్రాలో ఆయన హాయిగా పడుకుంటారు.